గుంటూరు మీద చీకటి కమ్మిన ఉదయము

పాఠ్యభాగములు: యెహోషువ 10:12–14, 2 రాజులు 20:8–11, 1 థెస్సలొనీకయులకు 5:21



ఈ నెల పాఠమును ఒక ఒప్పుకోలుతో ఆరంభింపవలసి వచ్చినది.

పర్చూరు చుట్టుపట్ల మిరపకోతలు ముమ్మరముగా నున్న దినములవి. పగలంతయు కల్లములలో కాయ ఎండబోసి, తాలుకాయ ఏరి, కన్నులు మండుచు ఇల్లు చేరినవారు సయితము ఆదివారపు రాత్రి ఆరాధన మానరు. ఆరాధన అయిన పిమ్మట మందిరము ముందరి అరుగు మీద కొందరు యువకులు కూర్చుండి మాటలాడుకొనుచుందురు. వారిలో ఒకడు పత్తి మిల్లులో పని చేయును, ఒకడు ట్రాక్టరు నడుపును, ఇద్దరు ముగ్గురు కళాశాలకు పోవుచున్నారు. మాట పంటధరలతో మొదలగును గాని, ముగియునది మాత్రము ఆకాశమందే. శ్రీహరికోటనుండి ఏ రాకెట్టు ఎప్పుడు లేచునో, చంద్రుని మీద ఏ యంత్రము దిగెనో వారికి కంఠతా వచ్చును. ఫోనులలో వచ్చిన ప్రతి వింతవార్తయు ఆ అరుగు మీదనే విప్పి చూడబడును. మేమును అప్పుడప్పుడు వారి చెంత కూర్చుండి విందుము.

అట్లు విన్నవాటిలో ఒకటి మాకు మిక్కిలి నచ్చినది. విచారింపకయే దానిని ఒక ఆదివారము ప్రసంగములో చెప్పితిమి. అదేమనగా: అమెరికా దేశపు అంతరిక్ష సంస్థయగు నాసాలో పండితులు సూర్యచంద్రుల స్థానములను వెనుకటి శతాబ్దములకు లెక్కించుచుండగా యంత్రము ఆగిపోయెననియు, కాలములో ఒక దినము తక్కువ వచ్చెననియు, అప్పుడు వారిలో బైబిలు ఎరిగిన ఒకడు యెహోషువ గ్రంథమును తెరచి చూపెననియు, 23 గంటల 20 నిమిషములు అక్కడ దొరకెననియు, మిగిలిన 40 నిమిషములు హిజ్కియా దినములలో నీడ పది మెట్లు వెనుకకు పోయినప్పటివని తేలెననియు ఆ వార్త. సంఘమంతయు సంతోషించెను. మేమును సంతోషించితిమి.

ఆ తరువాతి వారము పదవ తరగతి చదువుచున్న అమ్మాయి ఒకతె మా యొద్దకు వచ్చి, చేతులు కట్టుకొని నిలిచి, "అయ్యగారూ, మా సైన్సు మాస్టారిని అడిగానండి. ఆ నాసా సంగతి నిజం కాదంటున్నారు. మరి అది నిజం కాకపోతే, మీరు చెప్పిన తక్కినవి కూడా..." అని ఆగిపోయెను. వాక్యము ముగించుటకు ఆమెకు మర్యాద అడ్డు వచ్చినది. కాని ఆ వాక్యము ఎచ్చట ముగియునో మాకు తెలిసెను. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

విచారింపగా మాస్టారి మాటయే సత్యమని తేలినది. 1969–70 ప్రాంతమున అమెరికాలోని బాల్టిమోరు పట్టణమందు ఇంజనుల వ్యాపారసంస్థకు అధ్యక్షుడైన హెరాల్డు హిల్ అనువాడు ఈ కథను సభలలో చెప్పుచుండెను. అది వార్తాపత్రికలకెక్కి, అక్కడనుండి మందిరములకెక్కెను. నాసావారు అట్టిది తమ యొద్ద జరుగలేదని చెప్పిరి. దీని మూలము ఇంకను పాతది. 1890లో చార్లెసు టాటెన్ అనునతడు ఈ లెక్కనే ఒక గ్రంథముగా ప్రకటించెను. అప్పటికి కంప్యూటరులును లేవు, నాసాయును లేదు. అనగా కథ పాతది; చొక్కా మాత్రము క్రొత్తది.

అసలు అట్టి లెక్క సాధ్యమే కాదు. దీనిని గ్రహించుటకు పెద్ద చదువు అక్కరలేదు. మీ యింటి గోడగడియారము ఒక రాత్రి కొంతసేపు ఆగి, తానే మరల నడిచినదనుకొనుడి. తెల్లవారిన తరువాత దానిని ఎంత పరీక్షించి చూచినను, ఎంతసేపు ఆగెనో చెప్పగలరా? మరియొక గడియారము ప్రక్కన ఉండవలెను. ఇప్పటి సూర్యచంద్రుల నడకను బట్టి వెనుకకు లెక్కించుకొని పోయిన, లెక్క పోవుచునే యుండును. పోల్చి చూచుటకు ఆ కాలపు మనుష్యుడు వ్రాసి పెట్టిన సాక్ష్యము కావలెను.

అట్టి సాక్ష్యములు కొన్ని ఉన్నవి, వాటి ఫలితము ఆ కట్టుకథకంటె వింతయైనది. బబులోనువారు గ్రహణములను చూచి మట్టి పలకల మీద వ్రాసి పెట్టిరి. ఇప్పటి లెక్కలతో పోల్చగా, భూమి తిరుగుట మెల్లమెల్లగా మందగించుచున్నదని తెలిసెను. చంద్రుని ఆకర్షణచేత సముద్రమునకు కలుగు ఆటుపోట్లే దానికి ముఖ్య కారణము. నూరేండ్లకు దినమునకు పెరుగు నిడివి సెకనులో వెయ్యవ వంతులు రెండు కూడ నిండదు. కాని రెండువేలు దాటిన యేండ్లలో ఆ కొంచెము కొంచెమే పేరుకొని, గ్రహణపు వేళను కొన్ని గంటలు మార్చినది. యెహోషువ దినమునుగూర్చి ఆ పలకలు ఏమియు చెప్పవు. అవి అంతకు చాల తరువాతివి. ఆ అధ్యాయమును మనము విశ్వాసముతో చదువుకొనుచున్నాము. దానికి నాసా పేరిట దొంగసాక్షిని నిలువబెట్టవలసిన అవసరము లేదు. దొంగసాక్షి పట్టుబడిన దినమున నిజమైన వ్యాజ్యము కూడ చెడునని కోర్టు ఎక్కినవారెవరైనను చెప్పుదురు.

అరుగు మీది యువకులతో ఈ సంగతి చెప్పినప్పుడు వారిలో ఒకడు, "అయితే అయ్యగారూ, హీలియం మన గుంటూరులో కనిపెట్టారనేది కూడా ఇలాంటిదేనా?" అని అడిగెను. మేము ఈసారి తొందరపడక, చదివి చెప్పెదమంటిమి. ఈ పాఠము ముఖ్యముగా దానినిగూర్చియే.

1868వ సంవత్సరము ఆగస్టు 18, మంగళవారము. ఆ ఉదయము చంద్రుని నీడ ఏడెను వైపునుండి సముద్రము దాటి, దక్కను మీదుగా మన కోస్తాకు వచ్చి, బందరు దాటి బంగాళాఖాతములో ప్రవేశించి, సయాము దేశము వరకు పోయెను. సంపూర్ణ సూర్యగ్రహణము ఏదైనను ఏడున్నర నిమిషములకు మించి నిలువదు; ఇది సయాము సముద్రము మీద ఆరు నిమిషములు దాటి నిలిచెను, గుంటూరులో అయిదు నిమిషములు దాటి నిలిచెను. పర్చూరు గుంటూరుకు తిన్నగా కొలిచిన 50 కిలోమీటర్ల లోపే యున్నది. కావున ఆ చీకటి మన పొలముల మీదను కమ్మినది. మన ఊరు 1970 వరకు గుంటూరు జిల్లాలోనిదే, తరువాత ప్రకాశములోనికి, 2022లో బాపట్లలోనికి వచ్చినది. చంద్రుని నీడకు ఈ హద్దులతో పని లేదు.

ఈ అయిదు నిమిషముల కొరకు దేశాంతరములనుండి పండితులు వచ్చిరి. ఫ్రాన్సు దేశమునుండి పియర్ జాన్సెన్ గుంటూరు చేరెను. బాల్యములో జరిగిన ప్రమాదమువలన కాలు కుంటుపడినవాడాయన. అప్పటికి వయస్సు 44. సముద్రపు మంచును, కొండల మబ్బును రెండింటిని తప్పించుకొనుటకై, రెంటికిని దూరముగా మధ్యనున్న గుంటూరును ఎంచుకొనెను. అప్పటికే అది పత్తి వర్తకమునకు పేరుపొందిన ఊరు. ఆంగ్ల ప్రభుత్వపు పక్షమున మేజరు టెనెంటు కూడ గుంటూరులోనే గుడారము వేసి ఛాయాచిత్రములు తీసెను. మదరాసు నక్షత్రశాల అధిపతి పాగ్సన్ బందరులో నిలిచెను. ఆ నక్షత్రశాలలోనే పని చేయుచుండిన చింతామణి రఘునాథాచారి వనపర్తిలో నిలిచి చూచెను. దొరలతోపాటు మనవాడొకడు దూరదర్శిని పట్టెనని మా యువకులు విని మిక్కిలి ఉప్పొంగిరి.

వీరందరు చూడవచ్చినదేమి? సంపూర్ణ గ్రహణములో నల్లని చంద్రబింబపు అంచున ఎఱ్ఱని జ్వాలలు లేచి కనబడును. అవి సూర్యునివేయని అంతకు ఎనిమిదేండ్ల ముందరి గ్రహణములో స్థిరపడినది. అవి దేనితో చేయబడినవో మాత్రము ఎవరికిని తెలియదు. సూర్యుని యొద్దకు పోయి పిడికెడు తెచ్చువాడెవడు?

దీనికి ఉపాయము అంతకు పదేండ్లలోపే జర్మనీ దేశపు పండితులు కిర్కాఫు, బున్సెన్ అనువారివలన తెలిసియుండెను. సహోదరీలారా, ఇది మీకు పొయ్యి యొద్దనే తెలిసిన సంగతి. ఉప్పుగల్లు నిప్పులో పడినప్పుడు మంట పచ్చగా, పసుపుగా మారుట మీరు చూచియుందురు. చినగంజాము ఉప్పైనను, విదేశపు ఉప్పైనను ఆ పసుపు ఒక్కటే. అది సోడియము అను మూలకపు రంగు. రాగి కాలిన ఆకుపచ్చని మంట వచ్చును. ఈ వెలుగును ముక్కోణపు గాజుగుండ పోనిచ్చి చూచిన, ఒక్కొక్క మూలకమునకు తనవే యగు సన్నని రంగుగీతలు కొన్ని తన తావులలోనే కనబడును. రిజిస్ట్రారు కచేరీలో మనము వేయు వేలిముద్ర వంటిదది. మనిషి ఎదుట లేకున్నను ముద్ర అతనిది. ఈ గీతలు చూపు పరికరమునకు వర్ణపటదర్శిని అని పేరు.

జాన్సెన్ ఆ పరికరమును ఎఱ్ఱని జ్వాలల వైపు త్రిప్పెను. ప్రకాశమానమైన గీతలు కనబడెను. అనగా అవి మండుచున్న వాయువు, ముఖ్యముగా ఉదజని. ఆ పని ఇతరులును అదే దినమున చేసిరి. జాన్సెన్ చేసినది దాని తరువాతిది. ఆ గీతల మెరుపు చూచి, ఇంత ప్రకాశముగల వాటిని గ్రహణము లేకయే చూడవచ్చునని ఆయనకు తోచెను. మరునాడు, అనగా ఆగస్టు 19న, సూర్యుడు ఎప్పటివలె మండుచుండగా పరికరమును బింబపు అంచునకు గురిచేసెను. గీతలు అక్కడనే యుండెను!

ఇదెట్లనగా, బిందెడు నీళ్లు మడియంతట చల్లిన నేల తడవను తడవదు. ఆ నీళ్లే ఒక పాదులో పోసిన నిలిచి కనబడును. సూర్యుని సాధారణ కాంతి గాజులో అన్ని రంగులకును చల్లబడి పలుచనగును. జ్వాలల కాంతి కొద్ది గీతలలోనే నిలుచును. అందువలన పగటి వెలుగులోనే జ్వాలలు బయటపడెను. అంతవరకు ఏండ్లకొకసారి కొన్ని నిమిషములు మాత్రమే దొరకుచుండిన దర్శనమును, జాన్సెన్ గుంటూరులోనే రెండు వారములకు పైగా దినదినము చూచెను.

ఆయన ఈ సంగతిని పారిసునకు ఉత్తరము వ్రాసెను. ఆ ఉత్తరము ఓడ మీద పోవుచుండగానే, ఇంగ్లాండులో నార్మన్ లాక్యర్ అనునతడు గుంటూరు సంగతి ఏమియు ఎరుగకయే, అక్టోబరు 20న, అదే పనిని తన యింటనుండి చేసెను. ఇద్దరి వర్తమానములును పారిసు పండితసభకు ఒకే దినమున అందెను. ఎవడు ముందు అని అక్కడ కలహము పుట్టలేదు. ఫ్రెంచివారు ఒకే పతకము మీద ఇద్దరి ముఖములను ముద్రింపించిరి. పొలము గట్టు విషయమై అన్నదమ్ములు మాటలు మానుకొనిన ఇండ్లు మన సంఘములోనే మూడు నాలుగు ఉన్నవి గనుక దీనిని ప్రత్యేకముగా వ్రాయుచున్నాము.

ఇక పసుపుగీత. ఆ జ్వాలలలో ఒక పసుపుగీత యుండెను. మొదట దానిని సోడియము గీతయే అనుకొనిరి. కాని అది దానికి సమీపమే గాని, దాని చోటున లేదు. బందరులో పాగ్సన్ దీనిని శంకించెను. లాక్యర్ జాగ్రత్తగా కొలిచి, భూమి మీద ఎరిగిన ఏ మూలకపు ముద్రతోను ఇది కలియుట లేదని చూచెను. ఇది సూర్యునిలో మాత్రమే దొరకు మూలకమై యుండవలెనని తలంచి, సూర్యునికి గ్రీకు భాషలోని పేరును బట్టి దానికి హీలియము అని పేరు పెట్టబడెను. చాలమంది నమ్మలేదు. నమ్మకపోవుట వారి తప్పును కాదు. చేతికి దొరకని వస్తువు గదా.

ఇరువది యేడేండ్లు గడచెను. 1895లో లండనులో విలియము రామ్సే ఒక యురేనియపు రాతిని ఆమ్లములో వేసి, వెలువడిన వాయువును పరీక్షింపగా ఆ పసుపుగీతయే కనబడెను. ఆయన వెంటనే దండోరా వేయలేదు. ఆ వాయువును క్రూక్సునకును, లాక్యరునకును పంపి, మీరును కొలిచి చూడుడి అనెను. వారును కొలిచిరి. సూర్యునిలో మాత్రమే యున్నదనుకొన్నది మన కాళ్ల క్రింది రాతిలోనే దొరకినది.

కాబట్టి యువకుని ప్రశ్నకు మా జవాబు ఇది. హీలియము గుంటూరులో కనుగొనబడెనని మనవారు గర్వముగా చెప్పుకొనుచున్నారు; కొన్ని పుస్తకములును అట్లే వ్రాసినవి. అది పూర్తిగా అబద్ధము కాదు, పూర్తిగా సరియును కాదు. గుంటూరులో జాన్సెన్ క్రొత్త మూలకమును కనుగొన్నానని చెప్పుకొనలేదు. గ్రహణము లేకయే సూర్యుని జ్వాలలను చూచు మార్గమును కనుగొనెను. హీలియమును బయటపెట్టిన దారి గుంటూరు గుండను, బందరు గుండను, లాక్యరు ఇంటి గుండను, రామ్సే గాజుగొట్టము గుండను నడిచినది. ఇంతమాత్రము చెప్పిన మన ఊరి గౌరవమునకు ఏ లోటును లేదని మా అభిప్రాయము. యువకుడు కొంచెము చిన్నబోయెను గాని ఒప్పుకొనెను.

ఆ వాయువు నేడు మనకు దూరపుది కాదు. పట్టణపు ఆసుపత్రులలో ఎం.ఆర్.ఐ. యంత్రముల లోపలి అయస్కాంతమును చల్లబరచునది ఎక్కువగా ద్రవ హీలియమే. దాని చల్లదనము సున్నకు క్రింద 269 డిగ్రీలు. రాకెట్లలో ఇంధనపు తొట్టెలమీద ఒత్తిడి పెట్టి ఇంధనమును యంత్రములోనికి నెట్టుటకు హీలియమునే వాడుదురు, ఏలయనగా అది ఏ మంటకును అంటుకొనదు. అనగా శ్రీహరికోటలోను దానితో పని యున్నది.

శ్రీహరికోట మాట వచ్చినది గనుక మరి రెండు సంగతులు. 2023 జూలై 14న అక్కడనుండి బయలుదేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23 సాయంకాలము చంద్రుని దక్షిణ ధ్రువపు ప్రాంతములో దిగెను. దానిలోని చిన్న బండి ప్రజ్ఞాన్, అక్కడి మట్టిని లేజరు కాంతితో కాల్చి, ఆ మెరుపులోని గీతలను చదివి, గంధకము ఉన్నదని తెలిపెను. పొయ్యిలో ఉప్పుగల్లు సంగతే ఇది. గుంటూరు సంగతే ఇది. నడుమ 155 సంవత్సరములు. అదే దినములలో చంద్రుని మట్టిమీద మన జాతీయ చిహ్నము అచ్చుపడిన చిత్రమొకటి ఫోనులలో తిరిగెను. అది ఎవరో చిత్రకారుడు గీసినది. నిజముగా దొరకిన గంధకమును గూర్చి ఎంతమంది పంపుకొనిరి?

రెండవది ఆదిత్య-ఎల్1. ఇది 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోటనుండి లేచి, 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున తన చోటు చేరెను. దానిలోని ముఖ్య పరికరము తన లోపలనే సూర్యబింబమును మరుగుచేసి, చుట్టునున్న కాంతివలయమును చూచును. గ్రహణమునకు కాచుకొనకుండ గ్రహణమును తనతో కొనిపోయినదన్నమాట. దానిని చేసినది బెంగుళూరులోని భారత ఖగోళభౌతిక సంస్థ. ఆ సంస్థకు మూలము, పాగ్సన్, రఘునాథాచారి పని చేసిన ఆ మదరాసు నక్షత్రశాలయే.

శ్రీహరికోటవారు తప్పులను దాచకుండుట కూడ మేము గమనించితిమి. 1979 ఆగస్టు 10న వారి మొదటి ఉపగ్రహ వాహనము సముద్రములో పడెను. రెండవ అంచెలో ఆమ్లము కారిపోవుట కారణమని కనిపెట్టి చెప్పిరి. 1980 జూలై 18న రోహిణిని నిలిపిరి.  ఇది చదివిన తరువాత మా పని ఏదో మాకు స్పష్టమాయెను.

గ్రహణమునుగూర్చి ఒక మాట చెప్పక తీరదు. 1980 ఫిబ్రవరి 16న ఆంధ్రదేశములో కొన్ని తావులలో సంపూర్ణ గ్రహణము పట్టెను. వీధులు నిర్మానుష్యమై, జనులు తలుపులు వేసికొని కూర్చుండిన సంగతి మన పెద్దలకు జ్ఞాపకమే. ఇప్పటికిని మన విశ్వాసుల ఇండ్లలోనే గర్భిణులను కదలనీయక, కత్తిపీట ముట్టనీయక, నీళ్లు సయితము త్రాగనీయక కూర్చుండబెట్టువారున్నారు. ఎండకాలపు గ్రహణములో గర్భిణికి నీళ్లు మాన్పించుట అపాయము. గ్రహణపు నీడ ఏ అపాయమును చేయదు. అపాయము ఒక్కటే: సూర్యుని వట్టి కంటితోగాని, నల్లకళ్లద్దములతోగాని, మసి పూసిన గాజుతోగాని చూచిన చూపు పోవును. అందుకొరకు చేసిన ప్రత్యేకపు అద్దములతోనే చూడవలెను, లేదా అట్టముక్కకు సూదిరంధ్రము పొడిచి, వెనుకకు తిరిగి, గోడ మీద పడిన బింబమును చూడవలెను. పిల్లలకు ఇది నేర్పుడి.

తరువాతి ఆదివారము ప్రసంగమునకు ముందే మేము నిలిచి, నాసా సంగతి నిజము కాదనియు, విచారింపక చెప్పితిమనియు, ప్రశ్న అడిగిన బిడ్డ సరిగా అడిగెననియు చెప్పితిమి. ఆరాధన అయిన పిమ్మట సంఘ పెద్ద ఒకాయన మమ్మును ప్రక్కకు పిలిచి, "అయ్యగారూ, అందరి ముందు అంత చెప్పుకోవాలా? వదిలేస్తే వాళ్లే మరచిపోయేవారు గదా" అనిరి. ఆయన మా మేలు కోరియే అనిరి. "పెద్దాయనగారూ, ఆ పిల్ల మరచిపోదండీ" అని మాత్రము చెప్పగలిగితిమి.

ఆ రాత్రి అరుగు మీద యువకులు ఒక అట్టపెట్టెకు సన్నని చీలిక కోసి, పాత సీడీ పలక ముక్కను లోపల అమర్చి, వర్ణపటదర్శిని ఒకటి చేసిరి. స్పిరిటు దీపములో ఉప్పు చల్లి, దీపములన్నియు ఆర్పి, ఒకరి తరువాత ఒకరు కన్ను పెట్టి చూచిరి. ఆ అమ్మాయియే ఉప్పు చల్లుచుండెను. ఆమె నాయనమ్మ, కల్లము పనికి ఇప్పటికిని పోవు ముసలామె, చాలసేపు చూచి, "ఇంత సన్నగీత కోసమా ఆ దొర కుంటికాలితో అంత దూరం వచ్చింది?" అని, పెట్టెను మనుమరాలికి ఇయ్యక మరల కంటికి పెట్టుకొనెను.